గంజాం నీటిబాట: పడవ సుంకాలు, ప్రయాణపు కట్టుబాట్లు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాది నాడు పంచాంగ శ్రవణంలో ఏ రాశివారికి ఆదాయమెంత, వ్యయమెంత అని సిద్ధాంతి గారు చదువుతారు. వ్యయం ఎక్కువైనవాడు నిట్టూరుస్తాడు, ఆదాయం ఎక్కువైనవాడు నమ్మడు. ఈ పూట నేను మనుష్యుల ఆదాయ వ్యయాల జోలికి పోకుండా ఒక కాలువ ఆదాయ వ్యయాల సంగతి చెప్పదలచినాను. కాలువ మీద ప్రయాణం చేసిన జనం దగ్గర ఎవరు, ఎంత, ఏ హక్కు మీద వసూలు చేశారు, అందుకు బదులుగా వారికి ఏమి దక్కినది, ఇంతే నా విషయం. సుంకమనగానే మీకు ఆవులింత వచ్చునని తెలుసును. కాని రహదారి మీద మోటారు ఆపి డబ్బు అడిగినప్పుడు మనమందరమూ లోలోపల గొణిగే ప్రశ్న కూడా ఇదే గదా.

మనలను వలస తెలుగువారని అంటారు. వ్యాపారానికో, ఉద్యోగానికో, రైలుపనికో వచ్చి స్థిరపడినవారు మనలో కొందరున్నారు. తక్కినవారి మాట వేరు. వారు కదలలేదు, సరిహద్దే కదిలినది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం జిల్లా మద్రాసు రాజధానిలోనిది. నాటి గంజాంలో బరంపురమే కాదు, చికాకోలు, టెక్కలి, సోంపేట కూడా ఉండేవి. కనుక ఇక్కడి కాలువ మీద, రేవు మీద చెల్లిన చట్టం మద్రాసులో పుట్టిన చట్టం. రాజమహేంద్రవరం లాకు దగ్గర పడవవాడికి ఏ న్యాయమో, ఋషికుల్య ఒడ్డున మన పడవవాడికీ అదే న్యాయం. అందుచేత నా కథ ఇక్కడ మొదలై గోదావరి మీదుగా చెన్నపట్నం దాకా పోయి మళ్ళీ గోపాలపురం వస్తుంది. ఓపిక పట్టండి.

చిల్కా సరస్సు దక్షిణపు కొసన రంభ ఉన్నది. అక్కడి అఖాతానికి అంచున పాలూరు. పాలూరు దగ్గర నుండి సముద్రానికి సమాంతరంగా ఋషికుల్య ముఖం దాకా పద్దెనిమిది కిలోమీటర్ల పొడవున ఒక కాలువ ఉన్నది. దానినే పాలూరు కాలువ అంటారు. ఒక ప్రక్క ఇసుకతిన్నెలు, వాటికి ఆవల సముద్రపు హోరు; ఇంకొక ప్రక్క ఉప్పుమళ్ళు, కొండలు. ఇంగ్లీషువారి కాలంలో తవ్విన ఈ కాలువ వల్ల చిల్కా నీటిలో తిరిగే పడవ సముద్రపు అలల జోలికి పోకుండానే గంజాం పట్టణానికి చేరగలిగేది. పాలూరు పేరు చూచి చిన్న ఊరు గదా అనుకోవద్దు. రెండవ శతాబ్దపు గ్రీకు భూగోళ శాస్త్రవేత్త టాలెమీ తన గ్రంథంలో చెప్పిన పలూరా రేవు ఇదేనని, తూర్పు దేశాలకు పోయే ఓడలు అక్కడనే తీరం వదిలేవని పండితులు పలువురు అన్నారు. ఫ్రెంచి పండితుడు సిల్వ్యాఁ లెవీ ఇంకొక అడుగు ముందుకు వేసి, ఆ పేరులోని మొదటి భాగం మన ద్రావిడ భాషల 'పల్లు' అనీ, కనుక అది కళింగుల దంతపురమే అనీ వాదించినాడు. వాదం నిలిచినా నిలవకపోయినా, తెలుగు పల్లు ఒకటి అంత దూరం పోయి పారిసులో చర్చకు వచ్చినందుకు మనం సంతోషించవచ్చును.

గంజాం పట్టణానికి కుంఫిణీవారు 1768లో వచ్చి కోట, వర్తకశాల పెట్టుకున్నారు. 1815లో అక్కడ విషజ్వరాలు చెలరేగి జనం రాలిపోయిన తరువాత దొరలు, కచేరీలు ఊరు విడిచినవి. జిల్లాకు పేరు మాత్రం ఆ ఊరిదే మిగిలినది. కచేరీలు పోయినా ఉప్పు ఎక్కడికీ పోలేదు. మద్రాసు రాజధానిలో ఉప్పు 1805 నుండి ప్రభుత్వపు గుత్త. హుమ్మా, సుర్లా పరిసరాల ఉప్పుమళ్ళు నేటికీ ఉన్నవి. ఉప్పు బరువైన సరుకు, ఖరీదు తక్కువ సరుకు. అటువంటి దానిని బండి మీద తోలితే బాడుగే సరుకు ధర మింగేస్తుంది. పడవ మీదనయితే గిట్టుబాటు. ధాన్యానికీ అదే లెక్క. పడవ కదిలిన తరువాత ఉప్పుబస్తాల మీద మనిషి ఎక్కి కూర్చోకుండా ఉంటాడా? సరుకు వెంట ప్రయాణీకుడు, ప్రయాణీకుని వెంట సుంకమూ వచ్చి చేరినవి.

నీటిబాట ఎంత అవసరమో 1866లో ఈ ప్రాంతానికి తెలిసినట్లు ఇంకెక్కడా తెలియలేదు. ఆ ఏటి క్షామంలో ఒరిస్సాలో దాదాపు పది లక్షల మంది చచ్చిపోయినారు. ముందటి ఏడు వానలు ముందుగానే ఆగిపోయినవి, పంట పోయినది. అంతవరకు అది దేశంలో చాలా చోట్ల జరిగినదే. ఇక్కడ జరిగిన ఘోరం ఏమిటంటే, బియ్యం పంపించాలని ప్రభుత్వానికి ఆలస్యంగా బుద్ధి పుట్టే సరికి వానాకాలం వచ్చి పడినది. సముద్రపు రేవులు మూతపడినవి. లోపలి బాటలు బురద. ధాన్యం ఉన్న చోట ఉన్నది, ఆకలి ఉన్న చోట ఆకలి ఉన్నది, రెంటికీ నడుమ దారి లేదు. కాటన్ దొరగారు అంతకుముందే, 1858లో, మహానది డెల్టా చూచి కాలువలు తవ్వాలని సిఫార్సు చేసి ఉన్నారు. ఆ పని ఈస్టిండియా ఇరిగేషన్ కంపెనీ అనే ప్రైవేటు సంస్థ చేతిలో పడి నత్తనడక నడిచినది. క్షామం తరువాత ప్రభుత్వమే దానిని కొనివేయవలసి వచ్చినది. కాలువ అంటే పొలానికి నీరు మాత్రమే కాదు, ఆపదలో అన్నం వచ్చే దారి అని కాటన్ గారు జీవితాంతం వాదించినారు. రైళ్ళ మీద పోసే డబ్బు కాలువల మీద పోయండని పార్లమెంటు సంఘం ముందు కూడా చెప్పినారు. అన్ని విషయాలలో ఆయన మాటే వేదమని నేను అనను. ఎండాకాలంలో నీరుండని దేశంలో రైలు లేకుండా గడవదు. కాని బీదవాడు భరించగల కూలికి బరువు మోసేది నీరే అన్న మాటకు ఎదురు లేదు.

గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కు ముగిసినది. విజయవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట 1855కు వచ్చినది. రెండు డెల్టాల కాలువలు ఏలూరు దగ్గర కలిసినవి. కృష్ణకు దక్షిణాన కొమ్మమూరు కాలువ పోయి పోయి పెదగంజాం దగ్గర బకింగ్‌హాము కాలువను కలుస్తుంది. మన గంజాం కాదు సుమండీ, ఇది నేటి బాపట్ల జిల్లా తీరాన ఉన్న పెదగంజాం. పేర్లు చూచి తికమకపడి అక్కడికి ఉత్తరం వేసినవారు ఉండే ఉంటారు. పెదగంజాం నుండి చెన్నపట్నం దాకా 315 కిలోమీటర్ల ఉప్పునీటి కాలువ 1882 నాటికి పూర్తయినది. అనగా కాకినాడలో పడవ ఎక్కినవాడు సముద్రం మొహం చూడకుండా చెన్నపట్నం చేరవచ్చును. ఉత్తరాన పాలూరు కాలువ, చిల్కా. ఈ రెంటికీ నడుమ గంజాం నుండి కాకినాడ దాకా కొండలు సముద్రంలోకి చొచ్చుకొని వచ్చిన తీరం. అక్కడ కాలువ సాగలేదు. ఆ ముక్క మటుకు సముద్రమే దారి. గోపాలపురం, బారువ, కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం రేవులు ఆ లోటు తీర్చినవి.

ఇక సుంకం. చెన్నపట్నం నుండి ఎన్నూరు దాకా మొదటి కాలువ తవ్వించినది బేసిల్ కొక్రేన్ అనే వర్తకుడు. 1806 నాటికి పని అయినది. డబ్బు ఆయనది, సుంకం వసూలు చేసుకునే హక్కు ఆయనది. 1837లో ప్రభుత్వం దానిని తన చేతిలోకి తీసుకున్నది. నీటిబాటను ఒక మనిషికి వదలవచ్చునా, ప్రభుత్వమే నడపవలెనా అన్న తగాదా నాటిది. కాలువ తవ్వినవాడికి ఖర్చు రాబట్టుకోవలసిన అవసరమున్నది, అది న్యాయమే. అయితే దారికి అడ్డంగా కూర్చున్నవాడికి పోటీ ఉండదు. ప్రక్క కాలువ లేదు గదా, ఇటు కాకుంటే అటు పోతానని ప్రయాణీకుడు అనడానికి! అందుకే ఎంత వసూలు చేయవచ్చునో, ఎవరు చేయవచ్చునో చట్టం చెప్పవలసి వచ్చినది.

ఇక్కడ మూడు రకాల డబ్బులను వేరు వేరుగా చూడవలసి ఉన్నది. ఆనాటి ప్రయాణీకుడు మూడింటినీ ఒకే పేరుతో తిట్టుకొనేవాడు. మొదటిది కాలువ సుంకం, అనగా పడవ మీద ప్రభుత్వం వేసేది. పడవ మోయగల బరువును కొలిచి దాని చొప్పున కట్టించుకొంటారు. లాకు దగ్గర ప్రతి ప్రయాణానికీ కట్టడం ఒక పద్ధతి, ఏడాదికి ఒకమారు లైసెన్సు రుసుముగా కట్టడం ఇంకొక పద్ధతి. రెండవది బాడుగ. అది సరంగుకు ప్రయాణీకుడు ఇచ్చేది. మూడవది రేవు పన్ను. నదికి ఈ ఒడ్డు నుండి ఆ ఒడ్డుకు బల్లకట్టు మీద దాటించినందుకు తలకింత, ఎద్దుకింత, బండికింత అని తీసుకొనేది. ఈ రేవులను వేలంలో పాడుకొనేవారు. పాట పాడుకొన్న గుత్తేదారు ఆ మొత్తం రాబట్టుకొని, పైన లాభం చూసుకోవలెను.

మద్రాసు ప్రభుత్వం 1890లో కాలువలకు, ప్రభుత్వ రేవులకు కలిపి ఒక చట్టం చేసినది. ఏది ప్రభుత్వ నీటిబాటో ప్రకటించడం, పడవలను రిజిస్టరు చేయడం, లైసెన్సు ఇవ్వడం, సుంకం రేట్లు నిర్ణయించడం, కట్టని పడవను పట్టి నిలపడం, దారికడ్డంగా మునిగి ఉన్న పడవను తొలగించడం, రేవులను గుత్తకు ఇవ్వడం, ఇవన్నీ అందులోకి వచ్చినవి. చదవడానికి పొడిగా ఉండే చట్టమే. కాని ప్రతి నిబంధన వెనుకా ఒడ్డున నిలబడిన ఒక మనిషి ఉన్నాడు. సుంకరి ముందు సుఖదుఃఖాలు చెప్పుకొన్నట్లు అని మనవారు సామెత కట్టినారంటే ఊరికే కట్టలేదు. రేటు రాసి ఉన్నప్పుడు సుంకరికి సుఖదుఃఖాలు చెప్పుకోనవసరం లేదు, కాగితం చూపిస్తే చాలును. సామాన్యునికి లిఖిత రేటు వల్ల కలిగిన మేలు అదే. అయితే చదవడం రావలె గదా! గంజాంలో ఆ చిక్కు రెట్టింపు. పడవవాడు తెలుగు, ఎక్కేవాడు ఒడియా, రేటు నిర్ణయించిన దొర ఇంగ్లీషు. రెండు భాషలు తెలిసిన మనిషి రేవులో ఉన్నప్పుడే న్యాయం సులువుగా దొరికేది. బరంపురం తెలుగువారు ఆ రెండు భాషల పనిని ఎన్ని తరాలుగా చేస్తున్నారో మీకు నేను చెప్పనక్కరలేదు.

సుంకం విషయంలో నాకు అన్నిటికంటె ఆలోచించదగినదిగా తోచేది ఒక చిన్న లెక్క. మాట వరసకు ఒక పడవకు సుంకం ఒక రూపాయి అనుకోండి. ఇరవై మందిని ఎక్కించుకొంటే తలకు అణా లోపు పడుతుంది. నలభై మందిని ఎక్కించుకొంటే అర్ధణా కూడా పడదు. ప్రభుత్వానికి రెండు విధాలా రూపాయే. కనుక పడవ మీద వేసిన సుంకం సరంగు చెవిలో ఏమని చెబుతుంది? ఇంకొకడిని ఎక్కించు అని చెబుతుంది. పోనీ తలకు ఇంతని వేద్దామా? అప్పుడు పిల్లవాడిని ఒళ్ళో పెట్టుకొన్న కూలితల్లికీ, జరీ ఉత్తరీయం వేసుకొన్న షావుకారుకూ ఒకటే పన్ను. పైగా ప్రతి లాకు దగ్గరా తలలు లెక్కపెట్టేందుకు పడవ ఆగవలె. చీకట్లో పడుకొన్నవారిని లేపి లెక్కపెట్టవలె. కాలువ మీద పడవకూ, రేవులో తలకూ అని మద్రాసువారు పంచుకొన్నది ఈ ఇబ్బంది చూచే అని నా ఊహ. అప్పుడు మిగిలిన ప్రమాదం పడవలో కిక్కిరిసిపోవడం. దానికి విరుగుడు సుంకంలో లేదు, లైసెన్సులో ఉన్నది. ఈ పడవ ఇంతమందికే అని కట్టుబాటు చేసి, మించితే జరిమానా వేయడం ఒకటే దారి. డబ్బు వసూలు చేసే నిబంధన, ప్రాణం కాపాడే నిబంధన ఒకే చట్టంలో ప్రక్క ప్రక్కన కూర్చోవడానికి కారణం ఇదే. అయితే మొదటిదానిని అమలు చేసినంత శ్రద్ధగా రెండవదానిని ఏ కాలంలోనూ ఎవరూ అమలు చేయలేదు.

నిబంధనలు ఎలా ఉన్నా, ప్రయాణం మటుకు తీరుబడిగా సాగేది. గాలి ఉంటే తెరచాప, లేకుంటే గెడ, అదీ కాకుంటే గట్టు మీద నడుస్తూ తాడు పట్టి లాగడం. లాకులోకి పడవ వచ్చినాక తలుపులు మూసి నీరు నింపడమో, వదలడమో అయ్యేదాకా అందరూ దిగి కాళ్ళు చాచుకొనేవారు. వేసవిలో మరమ్మతులకు డెల్టా కాలువలు కట్టివేసేవారు. పెళ్ళి ముహూర్తాలన్నీ సరిగ్గా ఆ వైశాఖంలోనే రావడం వల్ల మగపెళ్ళివారి ప్రాణానికి వచ్చేది. ఈ నిదానపు ప్రయాణంలో పుస్తకం చదివించవచ్చునని ఒక మహానుభావుడికి తోచినది. పాతూరి నాగభూషణం గారు 1935లో కృష్ణా డెల్టాలో కొల్లిపర నుండి పెదవడ్లపూడి దాకా పడవ గ్రంథాలయం నడిపించినారు. బాడుగ ఇచ్చి ఎక్కినవానికి చదువు ఉచితం. సుంకాల కథలో నాకు తెలిసినంతలో ప్రయాణీకుడికి ఎదురు దక్కినది అదొక్కటే!

మన గోపాలపురం రేవులో వ్యవహారం వేరు. అక్కడ లాకులు లేవు, గట్టు లేదు. స్టీమరు దూరాన లోతు నీటిలో లంగరు వేసేది. ఒడ్డుకూ ఓడకూ నడుమ మూడు నాలుగు వరుసల అలలు. వాటిని దాటించేది మసూలా పడవ. మేకు అన్నది లేకుండా, పలకలను కొబ్బరితాడుతో కుట్టి చేసిన పడవ అది. అల వచ్చి కొట్టినప్పుడు మేకులు కొట్టిన పడవ పగిలిపోతుంది, కుట్టిన పడవ వంగి ఊరుకొంటుంది. దానిని నడిపినవారు తెలుగు మాట్లాడే బెస్తవారు. ఒడియావారు వారిని నోలియాలంటారు. రంగూను పోయే కూలి మూట నెత్తిన పెట్టుకొని నడుములోతు నీటిలో నిలబడి, ముందు ఈ పడవవానికి దణ్ణం పెట్టవలసినదే. ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటిన తరువాత బోడిమల్లయ్య అన్న సామెత ఇటువంటి చోటనే పుట్టి ఉంటుంది. అలల నడుమ బేరం మొదలైతే ఎవరిది పైచేయో తెలుసును గదా. చెన్నపట్నం రేవులో పడవలకు, తెప్పలకు కట్టుబాట్లు చేస్తూ 1842లోనే నాలుగవ నంబరు చట్టం వచ్చినది. మద్రాసు కాని చిన్న రేవులలో సరుకు దింపుడు, ఎక్కుడు రుసుముల చట్టం 1885లో వచ్చినది. పెద్ద ఓడలలో దేశీయ ప్రయాణీకులను ఎంతమందిని ఎక్కించవచ్చునో, ఏ సౌకర్యాలు ఉండవలెనో చెబుతూ 1887లో ఇండియా ప్రభుత్వం ఇంకొక చట్టం చేసినది. కాగితం మీద డెక్కు ప్రయాణీకునికి ఇంత చోటు అని ఉన్నది. ఆ చోటులోనే మనిషి, మూట, పిల్ల, వండుకొనే కుండ. గంజాం, విశాఖపట్నం జిల్లాల నుండి బర్మా పోయిన వేలాది తెలుగువారు సముద్రం మీద గడిపిన రోజులు ఆ కొలతలోనే గడిచినవి. జపాను యుద్ధం 1942లో రంగూనును ముంచివేయడంతో ఆ రాకపోకలు ఆగినవి. గోపాలపురం పాత రేవూ దానితోనే చిక్కిపోయినది.

కాలువలకు మాత్రం అంతకుముందే గండం వచ్చినది. ఈస్టు కోస్టు రైలు 1893 నుండి 1896 లోపల ముక్కముక్కగా తెరుచుకొన్నది. 1900లో గోదావరి మీద వంతెన పడినది. ఓడలు బండ్లవుతవి, బండ్లు ఓడలవుతవి అని మనం మాట వరసకు అంటాము. ఇక్కడ అక్షరాలా అదే జరిగినది. కాలువకు పోటీ లేదని ఇందాక అన్నాను. రైలు వచ్చి ఆ లోటు తీర్చినది, ఎంతగా తీర్చినదంటే కాలువనే మింగివేసినది. ప్రయాణీకుడు పోతే బాడుగ పోయినది, పడవలు తగ్గితే సుంకం తగ్గినది, సుంకం తగ్గితే పూడిక తీసే డబ్బు లేదు, పూడిక తీయకుంటే పడవ నడవదు. సుంకమే కాలువకు తిండి. సుంకం తిట్టుకొన్నవారు ఈ సంగతి మరచిపోయినారు. సుంకం వసూలు చేసి పూడిక తీయని అధికారులూ మరచిపోయినారు. నన్నడిగితే రెండవవారి తప్పే పెద్దదంటాను.

నేటి మాట రెండు ముక్కలలో చెబుతాను. పాలూరు కాలువలో ఇప్పుడు సుంకం కట్టకుండా తిరిగే ప్రయాణీకులు చేపలు, రొయ్యలు. ఋషికుల్య ముఖం నుండి చిల్కా దక్షిణ భాగానికి అవి పోవడానికి అదే దారి. చిల్కా అభివృద్ధి సంస్థవారు అందుకోసమే దానిలో పూడిక తీయించినారు. మనుష్యుల కోసం తవ్విన బాట చేపలకు ఉపయోగపడితే, ఆ చేపలు పట్టి బ్రతికే కుటుంబాలకూ ఉపయోగపడినట్లే. కాకినాడ నుండి పుదుచ్చేరి దాకా కాలువలను, గోదావరి, కృష్ణ నదులలో కొంత భాగాన్ని 2008లో నాలుగవ జాతీయ జలమార్గంగా ప్రకటించినారు. ఒరిస్సా ఉత్తర తీరపు కాలువ, బ్రాహ్మణి, మహానది డెల్టా పాయలు ఐదవది. ప్రకటన సులువు, పడవ కష్టం. ఇక కిక్కిరిసిన పడవ, పట్టించుకోని లైసెన్సు పాత కాలపు సంగతులని అనుకొంటారేమో. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర విహారపు పడవ మునిగి యాభై మంది వరకు పోయినారు. 1890 నాటి చట్టం ఆంధ్ర ప్రాంతంలో పేరు మార్చుకొని బ్రతికే ఉన్నది, అయినా.

చివరకు ఒక మనవి. మన కుటుంబాలలో కొన్నింటి పెద్దలు రేవులు పాడుకొన్నారు, పడవలు నడిపినారు, ఉప్పు, ధాన్యం వ్యాపారం చేసినారు, రంగూను పోయి వచ్చినారు. అటకల మీద పాత పెట్టెలలో సుంకం రసీదులు, పడవ లైసెన్సులు, గుత్త కాగితాలు, స్టీమరు టిక్కెట్లు ఇంకా ఉండవచ్చును. తెలుగులో ఉన్నా, ఒడియాలో ఉన్నా, ఇంగ్లీషులో ఉన్నా చెదలకు వదలకండి. వాటి నకలు తీసి సంఘం కార్యదర్శిగారికి అందజేయండి. కాగితాలు లేనివారు ఇంట్లో ముసలివారిని అడిగి, ఏ రేవులో ఎవరు ఎంత తీసుకొనేవారో ఒక పుటలో రాసి పంపండి. వచ్చే ఉగాది సంచికలో వాటిని వరుసగా అచ్చువేయడానికి సంపాదకవర్గంవారు ఒప్పుకొన్నారు.